జాజ్ పియానోలో మనోధర్మ శిక్షణము: ‘ఆటమ్ లీవ్స్’ గీతము ఆధారముగా ఒక పరిశీలనము

కృతిని యథాపాఠముగా పాడుట యొక విద్య; అందలి యొక పంక్తిని గైకొని నెరవలు చేయుట వేఱొక విద్య. తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులు నేటికిని తమిళ, కన్నడ దేశములలో ఈ రెండు విధములను పాడబడుచున్నవి. నెరవలులో సాహిత్యము మాఱదు. స్వరసంచారము మాత్రము పాడువాని శక్తిని బట్టి ప్రతిసారియు క్రొత్తగా పుట్టుచుండును. కట్టుబడిన రచనను ఆధారముగా గొని అప్పటికప్పుడు కల్పించునట్టి ఈ విద్యయే, అమెరికాలో ఆఫ్రికా సంతతివారు పెంపొందించిన జాజ్ సంగీతమునకును ప్రాణము.

జాజ్ వాదకుని యెదుట స్వరలిపి పుస్తకము లేకపోవుట చూచి, అతడు మనసునకు తోచినదెల్ల వాయించుచున్నాడని తలచువారు కలరు. ఈ తలంపు రెండు విధములుగా చెఱుపు చేయును. శ్రోత, శ్రమను గుర్తింపక దానిని వట్టి చమత్కారమనుకొనును. అభ్యాసకుడు, తనకు ప్రతిభ లేదని యెంచి విద్యనే విడిచిపెట్టును. వాస్తవమున జాజ్ మనోధర్మము నేర్పదగినది, నేర్వదగినది. పుస్తకముల సాయము లేకపోలేదు గాని, దానికి ప్రధానమైన పాఠశాల పూర్వుల వాదనమే. ఒక్క పాటపై పలువురు విద్వాంసులు చేసిన కల్పనలను విప్పి చూచుటయే ఆ పాఠశాలలోని ముఖ్యపాఠము. అట్లు విప్పి చూచుటలో ఏమి గ్రహింపవలెను, ఏమి గ్రహింపరాదు అనునది ఈ వ్యాసవిషయము.

ఆధారగీతము

మునుపెన్నడును కలసికొనని వాదకులు సైతము ముందు సాధన లేకయే కూడి వాయింపగల పాటలను జాజ్ లోకమున ‘స్టాండర్డ్’లందురు. వీనిలో పెక్కులు నాటకశాలలకును చలనచిత్రములకును కూర్పబడినవే. ‘ఆటమ్ లీవ్స్’ అనునది అట్టివానిలో నొకటి. శరత్కాలమున రాలు ఆకులని దాని యర్థము. దీని స్వరకర్త జోసెఫ్ కోస్మా హంగరీ దేశమున జన్మించి ఫ్రాన్సున స్థిరపడినవాడు. ఈ వరుస పుట్టుక 1945లో పారిసునందు ప్రదర్శింపబడిన యొక బాలే నృత్యమునకు సంబంధించినది. తరువాత ఫ్రెంచి కవి జాక్ ప్రెవేర్ దీనికి సాహిత్యము కూర్పగా, 1946లో మార్సెల్ కార్నే దర్శకత్వమున వెలువడిన చలనచిత్రమున చేరినది. ఆంగ్ల సాహిత్యమును అమెరికా కవి జానీ మెర్సర్ రచించెను. 1955లో రోజర్ విలియమ్స్ అను పియానో వాదకుని రికార్డు అమెరికా జనప్రియ గీతముల పట్టికలో ప్రథమస్థానము నందెను.

ఆ దశకముననే జాజ్ విద్వాంసులును ఈ పాటను చేపట్టిరి. 1955లో ఎరాల్ గార్నర్ కాలిఫోర్నియాలోని కార్మెల్ పట్టణపు కచేరీలో దీనిని వాయించెను. ఆ యేడే అహ్మద్ జమాల్ తన మువ్వురు వాదకుల బృందముతో రికార్డు చేసెను. 1958 మార్చిలో కానన్‌బాల్ ఆడర్లీ, మైల్స్ డేవిస్‌లు చేసిన రికార్డులో పియానో హాంక్ జోన్స్‌ది. 1959 డిసెంబరులో బిల్ ఎవాన్స్ తన బృందముతో దీనిని రెండు మాఱులు రికార్డు చేసెను. అయిదేండ్లలోపల నలుగురు భిన్నస్వభావులైన పియానో విద్వాంసులు ఒకే పాటను వాయించి యుండుటచేత అభ్యాసకునకు పోల్చి చూచుటకు దీనికంటె అనువైనది అరుదు.

గీతనిర్మాణము

పాశ్చాత్యులు ఏకకాలమున మ్రోగించు స్వరముల గుంపును ‘కార్డ్’ అందురు. ఈ వ్యాసమున దానిని స్వరగుచ్ఛమని వ్యవహరింతము. పాట మొత్తము నాలుగేసి లెక్కల ఆవర్తములు ముప్పదిరెండు. అవి యెనిమిదేసి యావర్తముల నాలుగు పాదములుగా విభజింపబడినవి. మొదటి రెండు పాదములకు వరుస ఒక్కటియే, మూడవది భిన్నము, నాల్గవది ముగింపు. ఈ ముప్పదిరెండు ఆవర్తములు ఒక చుట్టు. మొదటి చుట్టులో పాటను వినిపించి, పిమ్మటి చుట్టులలో దాని స్వరగుచ్ఛముల క్రమముపై క్రొత్త స్వరములను కల్పించి, తుదకు మఱల పాటతో ముగించుట వాడుక. ఆ నడిమి కల్పనయే ‘సోలో’.

జాజ్ వాదకులు తఱచుగా ఈ పాటను జి అను స్వరమును ఆధారముగా గొని వాయింతురు. దానిని షడ్జమనుకొన్నచో, పాటలోని స్వరములు చతుశ్శ్రుతి రిషభము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, శుద్ధ ధైవతము, కైశికి నిషాదము. ఇవి ఇరువదవ మేళమగు నఠభైరవి స్వరములే. ఒక్క చోట మాత్రము కైశికి నిషాదమునకు మాఱుగా కాకలి నిషాదము వచ్చుటచే కీరవాణి ఛాయ కలుగును. దీనిచేత పాట నఠభైరవి రాగమైనదని కాదు. స్వరస్థానములను గుర్తించుటకు మాత్రమే ఈ పోలిక. గమకము, జీవస్వరము, సంచారనియమము అనునవి ఇందు లేవు.

మొదటి పాదమున ఆవర్తమున కొక్కటి చొప్పున వచ్చు గుచ్ఛములు ఇవి: ‘మ ధ స గ’, ‘ని రి మ ధ’, ‘గ ప ని రి’, ‘ధ స గ ప’, ‘రి మ ధ స’, ‘ప ని రి మ’, తుదకు ‘స గ ప’, ఈ కడపటిది రెండావర్తములు నిలుచును. ఆఱవ గుచ్ఛమునందలి నిషాదమే కాకలి. ఒక్కొక్క గుచ్ఛపు మొదటి స్వరమును మాత్రము చూచినచో మ, ని, గ, ధ, రి, ప, స అని యేర్పడును. ప్రతి స్వరమునుండి తరువాతిది నాల్గవ స్థానమున నున్నది. సప్తస్వరములును ఒక్కొక్కసారి మూలస్వరమై, చివరకు షడ్జమున విశ్రమించుచున్నవి. పాటకు గల ముందునకు లాగు నడకకు ఇదియే కారణము.

పాట వరుసలో నొక రహస్యము కలదు. పాదమందలి నాలుగు పలుకులును మూడేసి చిన్న స్వరములతో పైకెక్కి ఒక దీర్ఘస్వరమున నిలుచును. ఆ దీర్ఘస్వరములు వరుసగా ధైవతము, పంచమము, మధ్యమము, గాంధారము. అనగా మెట్టు వెంట మెట్టు దిగుచున్నవి. ధైవతము మొదటి గుచ్ఛమగు ‘మ ధ స గ’లో రెండవది, వాయించువాడు దానిని కదల్పకుండ నిలుపగానే క్రింద గుచ్ఛము మాఱి ‘ని రి మ ధ’ యగును, అప్పుడదే ధైవతము అందు నాల్గవది. పంచమమునకు ‘గ ప ని రి’, ‘ధ స గ ప’లలోను, మధ్యమమునకు ‘రి మ ధ స’, ‘ప ని రి మ’లలోను ఇదే స్థితి. గుచ్ఛపు స్వభావమును తెలుపునవి ఈ రెండవ, నాల్గవ స్వరములే. ఈ సంగతి నెఱిగినవాడు పాటను వినుచుండగనే దాని గుచ్ఛములను సగము గ్రహించినట్లే.

వినుట, పాడుట, వ్రాయుట

తొలితరము జాజ్ వాదకులకు గ్రామఫోను పలకయే గురువాయెను. ఆల్టో శాక్సఫోను విద్వాంసుడు చార్లీ పార్కర్ (1920–1955) యౌవనమున లెస్టర్ యంగ్ రికార్డులను మరల మరల విని ఆ సోలోలను కంఠస్థము చేసెను. అంధుడైన పియానో విద్వాంసుడు లెనీ ట్రిస్టానో (1919–1978) న్యూయార్కున శిష్యులకు పాఠము చెప్పునపుడు గొప్ప సోలోలను ముందు నోటితో పాడించి, పిమ్మటగాని వాద్యముపై వాయింపనిచ్చెడివాడు కాడు. పియానోపై వ్రేళ్లు అలవాటు పడిన చోటికే పోవును. కంఠమునకు ఆ యలవాటు లేదు. పాడగలిగినవాడు ఆ పలుకును నిజముగా వినినవాడు. కర్ణాటక సంగీతమున పాఠము నోటినుండి నోటికి నడచుటకు గల కారణమును ఇదియే.

పిమ్మట వ్రాయవలెను. వేగముగా సాగు పలుకులను పట్టుటకు పూర్వము నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పలకను 16⅔ చుట్ల వేగమున త్రిప్పి వినెడివారు. అప్పుడు స్వరము ఒక స్థాయి క్రిందికి దిగి, వేగము సరిగా సగమగును. నేడు కంప్యూటరు సాధనములు స్థాయిని మార్పకయే వేగమును తగ్గించుచున్నవి. అచ్చువేసిన స్వరప్రతులును దొరకుచున్నవి. అయినను ఇతరులు వ్రాసిన ప్రతి ఫలము మాత్రమే. స్వయముగా వ్రాసినవానికి చెవి పదునగును. పాట మొత్తము వ్రాయనక్కఱలేదు. నచ్చిన యెనిమిదావర్తములు తప్పు లేకుండ వ్రాసి, రికార్డుతో కూడ నడుపగలుగుట, నాలుగు చుట్లు ఉజ్జాయింపుగా వ్రాయుటకంటె మేలు.

స్వరలిపికి లొంగనిది యొకటి కలదు. ఒక లెక్కలో రెండు స్వరములు వచ్చినపుడు జాజ్ వాదకుడు మొదటిదానిని కొంత సాగదీసి రెండవదానిని కుఱుచ చేయును. దీనిని ‘స్వింగ్’ అందురు. ఆ నిష్పత్తి నిలుకడ గలది కాదు. నడక త్వరితమైన కొలదిని రెండు స్వరములును సమముగా నగును. గమకమును స్వరలిపి పట్టలేనట్లే దీనిని పాశ్చాత్య లిపియు పట్టజాలదు. ఎంత వ్రాసినను మఱల వినుట తప్పదనుటకు ఇది తార్కాణము.

ఒక చిన్న యుదాహరణము

వ్రాసిన తరువాత పలుకును ప్రశ్నింపవలెను. గుచ్ఛము మాఱు క్షణమున వాదకుడు ఏ స్వరముపై నున్నాడు? అచ్చటికి ఏ దారిని వచ్చెను? ఈ రెండు ప్రశ్నలును మొదటివి. వీనికి సమాధానము తెలియుటకు లెక్కకొక స్వరముగా గల యొక సామాన్యమైన పలుకును తీసికొనవచ్చును. మొదటి గుచ్ఛముపై ‘మ ధ స గ’ అని యెక్కి, రెండవదానిపై ‘రి స ని ధ’ అని దిగి, మూడవదాని మొదటి లెక్కకు ‘ప’ యందు నిలుచుట.

ఇందు ఎక్కుట మొదటి గుచ్ఛమును విడివిడిగా పలికించుట మాత్రమే. విశేషము కూడలులలో నున్నది. మొదటి కూడలిలో సాధారణ గాంధారమునుండి చతుశ్శ్రుతి రిషభమునకు దిగుట పియానోపై ప్రక్క మెట్టునకు జాఱుట. ఆ రిషభము క్రొత్త గుచ్ఛమున రెండవ స్వరము. రెండవ కూడలిలో శుద్ధ ధైవతము పంచమమునకు దిగుచున్నది. అదియు ప్రక్కమెట్టే, ఆ పంచమమును మూడవ గుచ్ఛమున రెండవ స్వరమే. ఒక గుచ్ఛపు నాల్గవ స్వరము మఱియొక గుచ్ఛపు రెండవ స్వరమున విశ్రమించుట ఇచ్చటి సూత్రము. క్రింద పియానో ఎడమచేయి గాని, డబుల్ బేస్ గాని మ్రోగకున్నను శ్రోతకు గుచ్ఛము మాఱినదని తెలియుట ఈ కూడలులవలననే.

సూత్రము దొరకినదా లేదా యనుటకు పరీక్ష యొకటి. అదే పలుకును పాదము రెండవ సగమునకు అన్వయింపవలెను. అప్పుడు ‘రి మ ధ స’ అని యెక్కి, కాకలి నిషాదముతో ‘ని ధ ప మ’ అని దిగి, ‘గ’ యందు నిలుచును. స్వరములు వేఱు, న్యాయ మొక్కటే. అయితే చివరి కూడలిలో మధ్యమమునుండి గాంధారమునకు దూరము రెండు మెట్లు; కాకలి నిషాద శుద్ధ ధైవతముల నడుమ అంతరము మూడు మెట్లు. పలుకునకు క్రొత్త రుచి వచ్చినది. కంఠస్థము చేసినవానికి ఒక పలుకు వచ్చును. న్యాయము గ్రహించినవానికి పలుకులు పుట్టుచుండును.

ఇంకొక యడుగు వేసి, పంచమమును చేరుటకు ముందు దాని పైనున్న శుద్ధ ధైవతమును, క్రిందనున్న ప్రతిమధ్యమమును పలికించి నడుమ పంచమమున దిగవచ్చును. ప్రతిమధ్యమము పాటలోని స్వరము కాదు. అయినను అది లెక్క నడుమ వచ్చి, వెంటనే గమ్యమును చేరుటచే దోషముగా వినబడదు. అన్యస్వరము ఎందు వచ్చెనను దానికంటె ఎచ్చటికి పోయెననునది ముఖ్యము. అభ్యాసకులు తఱచుగా అన్యస్వరములను మాత్రము లెక్కించి, అవి చేరిన గమ్యములను గమనింపక మోసపోవుదురు.

నలుగురు విద్వాంసులు, నాలుగు పాఠములు

స్వరములను మాత్రము పరిశీలించినచో విశ్లేషణము సగముతో ఆగును. గార్నర్ (1921–1977) స్వరలిపి చదువుట నేర్వనే లేదు. లయగల నడకలో అతని యెడమచేయి గిటారువలె లెక్కకొక మీటు వేయుచుండగా, కుడిచేయి లెక్కకు రవంత వెనుకబడి నడచును. ఆ వెనుకబాటును కొలిచి వ్రాయలేము. దానితో కూడ వాయించి పట్టుకొనవలసినదే. అహ్మద్ జమాల్ (1930–2023) పాఠము మౌనము. పలుకు ముగియగానే మఱియొకటి యెత్తుకొనక, బేస్‌కును గిటారుకును చోటు విడుచును. అతని సోలోను వ్రాయునపుడు విరామములను స్వరములంత శ్రద్ధగా గుర్తింపవలెను.

1958 నాటి రికార్డులో మైల్స్ డేవిస్ పాటను వినిపించిన పిమ్మట ఆడర్లీ, డేవిస్ వరుసగా కల్పన చేయుదురు. హాంక్ జోన్స్ (1918–2010) వంతు ఆ తరువాత వచ్చును. ముగ్గురిని ప్రక్కప్రక్కన పెట్టినచో పియానో విద్యార్థికి గాలివాద్యములనుండి యొక పాఠము దొరకును: ఊపిరి. ఊదువానికి ఊపిరి తీయుట తప్పదు గనుక పలుకునకు సహజముగా ఆద్యంతము లేర్పడును. పియానో వాదకునకు ఆ నిర్బంధము లేదు. కావున దానిని తానే కల్పించుకొనవలెను. ట్రిస్టానో సోలోలను పాడించుటకు ఇదియు నొక ప్రయోజనము.

బిల్ ఎవాన్స్ (1929–1980) రికార్డులో డబుల్ బేస్ స్కాట్ లఫారోది, మద్దెలలు పాల్ మోషన్‌వి. పాట ముగిసిన పిమ్మట బేస్ తన యలవాటైన లెక్కకొక స్వరమను నడకను విడిచి, పియానోతో మాటకు మాట బదులు పలుకును. ఆ పిమ్మటనే ఎవాన్స్ సోలో సాగును. ఒక చిన్న పలుకును గైకొని, దానినే ఆవర్తపు వేర్వేరు లెక్కలపై ఎత్తుకొనుచు పెంచుట అతని మార్గము. మూడు లెక్కల పలుకును నాలుగు లెక్కల ఆవర్తముపై పరచినచో ప్రతిసారియు అది క్రొత్త స్థానమున పడును. కల్పనస్వరమున తిస్రగతి కూర్పులు చేసి సరిగా ఎడుపునకు వచ్చుట విన్న శ్రోతకు ఇందలి యానందము సులభముగా బోధపడును.

ఎవాన్స్, రెడ్ గార్లండ్, వింటన్ కెల్లీ మొదలగువారి ఎడమచేతి పద్ధతియు గమనింపదగినది. మూలస్వరమును బేస్‌కు వదలి, మొదటి గుచ్ఛమునకు ‘ధ స గ ప’ అనియు, రెండవదానికి ‘ధ స రి ప’ అనియు పట్టుకొనవచ్చును. నాలుగు స్వరములలో మాఱినది యొక్కటే: గాంధారము రిషభమైనది. వెనుక కుడిచేతి పలుకున కనబడిన కూడలియే ఇచ్చట ఎడమచేతిలో కనబడుచున్నది. చేతులు రెండైనను న్యాయము ఒక్కటే యని తెలిసినపుడు విశ్లేషణమునకు సార్థక్యము.

అనుకరణమునకు హద్దు

ఈ విధానమునకు ఒక ప్రమాదము కలదు. ఇతరుల సోలోలను నూఱు కంఠస్థము చేసినవాడు నూఱింటిని అప్పగింపగలడు. నూటయొకటవది తనది కావలసి వచ్చినపుడు మూగవోవును. దానికి జంకి విశ్లేషణమునే త్యజించినవాడు, తన వ్రేళ్లకు వచ్చిన నాలుగు పలుకులనే జీవితాంతము త్రిప్పి త్రిప్పి వాయించును. 1966లో తన యన్న హ్యారీతో కూడి పాల్గొన్న చిత్రమున ఎవాన్స్ ఈ విషయమునే ప్రస్తావించెను. గొప్పవారి వాదనమును మొత్తముగా ఉజ్జాయింపున అనుకరించుటకంటె, చిన్న సమస్యను తీసికొని నిజముగా, స్పష్టముగా సాధించి, దానిపై రెండవది నిర్మించుట మేలని యతని మతము.

ట్రిస్టానో శిష్యుడగు లీ కోనిట్జ్ (1927–2020) బోధించిన క్రమము ఈ ప్రమాదమునకు మంచి మందు. అతడు పాటను ఉన్నదున్నట్లుగా వాయించుటతో ఆరంభించి, మెట్టుమెట్టుగా అలంకారములు చేర్చి, తుదిమెట్టున మాత్రమే పూర్తి కల్పనకు రమ్మనెను. అభ్యాసకుడు సోలోనుండి గ్రహించిన న్యాయమును ఈ మెట్లపై పరీక్షింపవచ్చును. ఒక వారము గమ్యస్వరములను మాత్రము, అనగా ధ, ప, మ, గ అను పాట యెముకలను, ఒక్కొక్కటే వాయింపవలెను. మఱుసటి వారము వాని నడుమ రెండేసి స్వరములతో వంతెనలు కట్టవలెను. ఆ పిమ్మట అదే పలుకును ఒక లెక్క ఆలస్యముగా ఎత్తుకొనవలెను. ప్రతి మెట్టునందును రికార్డును మఱల వినవలెను. మొదట వినబడని సంగతులు అప్పుడు వినబడును.

నెరవలునకును జాజ్ సోలోకును భేదములు లేకపోలేదు. నెరవలులో రాగ మొక్కటే, సాహిత్యపంక్తి యొక్కటే. జాజ్ సోలోలో సాహిత్యము లేదు. ఆధారగుచ్ఛము దాదాపు ప్రతి యావర్తమున మాఱుచుండును. చుట్టులో తానెచ్చట నున్నాడో వాదకుడు మఱవరాదు. ఒకదాని నియమములను వేఱొకదానిపై రుద్దుట రెండింటికిని అన్యాయము. శిక్షణమార్గమున మాత్రము సామ్యము కలదు. రెండింటను స్థిరమైన రచన ముందు లోబడవలెను. పెద్దల కల్పనను చెవితో గ్రహింపవలెను. గ్రహించినదానికి కారణము తెలిసికొనవలెను. ఆ కారణము తెలిసిన నాడు పెద్దల పలుకు అప్పుగా నుండక సొత్తగును. తన యూరు విడిచి పరదేశములకు పోయిన విద్య యేదైనను బ్రదుకవలెనన్నచో, దానిని అప్పగించువారితో పాటు ఇట్లు స్వంతము చేసికొనువారును ప్రతి తరమున కొందఱు ఉండవలెను.